వానప్రస్థమా? పరిత్యాగమా?

అచ్చంపేట చెంత, నల్లమల కొండలలో ఉమామహేశ్వర క్షేత్రం విలసిల్లుతున్నది. ఆ అరణ్యాన్ని దర్శించిన భక్తునికి వానప్రస్థం స్ఫురించడం సహజం. వానప్రస్థం స్వేచ్ఛతో స్వీకరించేది. సంతానం వృద్ధాశ్రమంలో వదలివెళ్ళడం పరిత్యాగం. సంరక్షకులు వదిలించుకొనే ఉద్దేశంతో వృద్ధులను ఎక్కడ విడిచినా శిక్షార్హమేనని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం శాసిస్తున్నది.

ఆశ్రమంలో చేరినంత మాత్రాన జననీజనకుల హక్కు నశించదు. తమను తాము పోషించుకోలేనివారు న్యాయవాది లేకుండానే రెవెన్యూ డివిజన్ స్థాయి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి భరణం కోరవచ్చు. పోషణ షరతుతో దానపత్రం వ్రాసియిచ్చిన పొలాన్ని, ఆ షరతు భంగమైతే, తిరిగి పొందవచ్చు.

బిడ్డ పరువు పోతుందని మాతృహృదయం వెనుకాడుతుంది. కాని పితృఋణాన్ని విస్మరించిన సంతానాన్ని ధర్మపథానికి మరల్చడం కూడ వాత్సల్యమే.