తమ్ముడికో చెంపదెబ్బ

1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ విడుదలైనప్పుడు మేం తెల్లాపూర్‌లో ఉండేవాళ్లం. నేనూ, తమ్ముడూ పట్నం వెళ్లి చూసొచ్చాం. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, రాజస్థాన్ ఎడారి, గుర్రాలు... అవన్నీ సరే. నా కళ్లు మాత్రం హీరో కృష్ణ నడుమున వేలాడే తోలు ఒరని వదల్లేదు!

పాత తోలుసంచీ పట్టుకుని చెప్పులు కుట్టే తాత దగ్గరికి పరుగెత్తాను.

“మూత పెట్టాల్నా బిడ్డా?” అన్నాడు.

“హీరో ఒరకి మూతేంది తాతా? తొడ దాకా దించి కుట్టు!”

దాన్ని తమ్ముడికి కట్టి, నా దీపావళి రీళ్ల తుపాకీ అందులో పెట్టి గుట్ట మీదికి పరుగెత్తించాను. బండలెక్కి, తంగేడు పొదల్లో దూరి తిరిగొచ్చేసరికి ఒర ఖాళీ! లాగి చెంప మీద కొట్టాను.

“నేను పారెయ్యలే అన్నా, గదే జారింది!” అని ఏడ్చాడు. వింటేగా!

వాడే పెద్దయ్యాక ఎస్సై అయ్యాడు. అడవి ప్రాంతంలో డ్యూటీ. ఓసారి ఇంటికొస్తే వాడి ఒర చూసి, “ఏమిట్రా, ఈ మూతా, ఈ తాడూ? సినిమాల్లో ఇలా ఉండదే!” అన్నాను.

నవ్వి చెప్పాడు. అడవికి వెళ్లేవాడి ఒర లోతుగా ఉండాలట. ట్రిగ్గర్ పూర్తిగా కప్పాలి, లేకపోతే ఏ కొమ్మో తగిలి పేలొచ్చు. వంగినా, దూకినా జారకుండా మూతో, పట్టీయో ఉండాలి. గట్టి బెల్టుకి నడుం దగ్గరే ఉండాలి. తొడ మీద ఊగిందో, పరుగు సాగదు. తోలు తడిస్తే ఆరబెట్టాలి, లేకపోతే తుపాకీకి తుప్పు పడుతుంది. అమెరికాలో అసలు కౌబాయ్‌లు కూడా నడుం ఎత్తులోనే కట్టేవారట. తొడ మీదికి దించి షోకు చేసింది ఎక్కువగా సినిమావాళ్లే!

అన్నట్టు కుర్రకారూ, సరదా పడి బయల్దేరేరు! లైసెన్సున్నా సరే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రాతపూర్వకమైన అనుమతి లేనిదే అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టకూడదు.

వాడు చెబుతున్నంతసేపూ ఆ చెంపే నా కళ్లముందుంది. అయినా నోరు పెగల్లేదు.

2023లో ఆ సినిమా మళ్లీ విడుదలైతే ఇద్దరం వెళ్లాం. నెరిసిన తలలు, పక్కపక్క సీట్లు. తెరమీద తుపాకీ మెరవగానే మెల్లగా అన్నాను:

“ఆ రోజు తప్పు నాదేరా.”

వాడు తెరమీంచి కళ్లు తిప్పలేదు.

“తెల్సన్నా. సినిమా చూడు.”