రెండొందల లెన్సు

మా అబ్బాయి ఫోనుకు తగిలించుకునే క్లిప్పు లెన్సు తెప్పించాడు, రెండొందలకి. నాలుగు రోజులు చీమల ఫొటోలు తీసి వదిలేశాడు. ఇక అది నాదే. బియ్యంలో పురుగు, మాత్రల అట్ట మీద తేదీ, అన్నీ దాంతోనే చూస్తున్నాను.

మొన్న ఆడపడుచు కూతురికి పెట్టడానికి పోచంపల్లి చీరంటే కొన్నాను. రంగు వెనకవైపుకూ దిగింది కదా అని నమ్మాను. మా అత్తమ్మ పుట్టిల్లు పుట్టపాక, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన తేలియా రుమాళ్ల ఊరు. నూలుకు నూనె పట్టించి, దారాలకు ముడులు కట్టి రంగులో ముంచే ఇంట్లో పెరిగారు. చూపు మందగించాక చీర చేతికిస్తే, “నాకేం కనిపిస్తది” అని పక్కన పెట్టేస్తున్నారు.

లెన్సును బట్టకు రెండు వేళ్ల దూరంలో, ఎండ వెలుగులో పెట్టి ఫొటో తీసి, పెద్దది చేసి చూపించాను. దారం పైన రంగు, మెలికలో తెలుపు.

“గిది నేసింది గాదు బిడ్డా, అచ్చు గుద్దింది” అన్నారు.

తర్వాత పెట్టెలోంచి తన పాత రుమాలు తెప్పించుకున్నారు. దారం నిండా ఎరుపే. తెర మీద ఒకచోట వేలు ఆగింది.

“ఈడ నా దారం జరిగింది. మా నాయిన తిట్టిండు.”

ఆ చీర వాపసు ఇచ్చేశాను. ఇప్పుడు మధ్యాహ్నమైతే చాలు, “ఫోను తే” అంటున్నారు.