సంక్రాంతినాటి మార్పులు

హాకీయాటకును గృహిణులకును సంబంధమేమని మీరడుగవచ్చును. 2024వ సంవత్సరాంతము వఱకు మేమును అట్లే యడిగెడివారము.

మా కాపురము దిల్‌సుఖ్‌నగరులో. మా వారు బడిపంతులు. మా అక్కయ్య యిల్లు లాల్‌బహదూర్ నగరులో. మెట్రోబండి యెక్కిన చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగనే వారి పేట. ఆ యేడు దీపావళి వెళ్లిన పిమ్మట అక్కయ్య యొంటరిగ వచ్చి, మా వంటింటి గడపపై కూర్చుండి కన్నీరు పెట్టుకొనెను. ఇంజనీరింగు చదువుచున్న ఆమె కుమారుడు కళాశాలకు గట్టవలసిన 40 వేల రూపాయలను ఫోనులోని యొక క్రికెట్టు పందెములో పోగొట్టెనట. ఇట్టి డబ్బుపందెములను తెలంగాణమున 2017లోనే చట్టమును సవరించి నిషేధించిరి. దేశమంతటికిని అట్టి నిషేధము 2025 ఆగష్టులో వచ్చినది. కాని దొడ్డిదారులు పిల్లలకు దెలిసినట్లు పెద్దలకు దెలియవు గదా!

"వాని ఫోను రోట వేసి దంచెద" నని అక్కయ్య యనెను. అప్పుడు మా వారు, "వదినగారూ, ఆ ఫోను పోయిన మఱియొకటి దొరకును. వానికి ఆటపై గల యిష్టము దోషము గాదు, అందులో డబ్బు చేరుటయే దోషము. డబ్బులేని యాట యొకటి మన యిండ్లలోనే పెట్టి చూతము" అనిరి.

ఏడేండ్లుగ ఆగియున్న హాకీ ఇండియా లీగు ఆ డిసెంబరు 28వ తేదీన మరల నారంభమయ్యెను. పురుషుల జట్లు 8. అందొకటి మన హైదరాబాదు పేరిటి తూఫాన్సు. అక్టోబరులో ఢిల్లీయందు ఆటగాండ్రను వేలము వేసిరి. హర్మన్‌ప్రీత్ సింగును సూర్మా జట్టువారు 78 లక్షలకు గొనిరి. మన తూఫాన్సువారు 68 లక్షలకు గొంజాలో పెయిలాటును దెచ్చుకొనిరి. ఇతడు 2016 రియో ఒలింపిక్సులో అర్జెంటీనాకు స్వర్ణము గెలిచి, పిదప జర్మనీ దేశమునకు మాఱి, 2023లో దానికి ప్రపంచకప్పు గెలుచుటలో భాగస్వామి యయ్యెను. మన ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరములలో మూడు ఒలింపిక్సులాడిన సంగతి మా వారు చెప్పగా, హైదరాబాదునకు హాకీ క్రొత్త గాదని మాకు దెలిసినది.

మా వేలమునకు డబ్బు లేదు. చీటీలు తీసి, వంతుల ప్రకారము ఐదుగురము తలకు ఆఱుగురి చొప్పున ఆటగాండ్రను గోరుకొంటిమి: మా అత్తగారు, మా వారు, అక్కయ్య, ఆమె కుమారుడు, మేము. ఒకరు గోరినవానిని మఱొకరు గోరరాదు. గోలు కొట్టినచో 3 గుణములు. గోలు గాచువాడు ఆటయంతయు ఒక్కటియు బోనీయకున్న 5. పచ్చచీటి చూపినచో ఆటగాడు 2 నిమిషములు వెలుపలనుండును గనుక ఒక గుణము తగ్గింపు, పసుపుచీటికి రెండు, ఎఱ్ఱచీటి చూపినచో మరల ఆటలోనికి రానీయరు గనుక ఐదు. లెక్క వ్రాయుట మా వారి పని. కడపట నిలిచినవారు మొదట నిలిచినవారికి బొబ్బట్లు చేసి పెట్టవలెను. ఇంతియే పందెము.

నడుమ మార్పులకు కనుమ పండుగనాడు, అనగా జనవరి 15న, ముహూర్తము పెట్టితిమి. తలకు రెండు మార్పులే. ప్రతిదానికి కారణమును అందఱి యెదుట చెప్పవలెను. జనవరి 12న రాంచీలో స్త్రీల లీగు మొట్టమొదటిసారి 4 జట్లతో నారంభమైనందున, "ఆడపిల్లల నేల కోరుకొనరాదు?" అని మా అత్తగారు ప్రశ్నించిరి. ఎవరికిని సమాధానము దోచలేదు. ఒక మార్పు వారినుండి చేసికొనవచ్చునని నియమము సవరించితిమి. అత్తగారు పేరు బాగున్నదని ఒడిశా వారియర్సు జట్టులోని ఋతుజ పిసాళును గోరుకొనిరి. అది కారణమగునా యని మా వారు నవ్విరి గాని, తల్లి మాటకు అడ్డు చెప్పలేదు.

పిమ్మట అబ్బాయి తన చీటిని దీసెను. ఆఱుగురిలో ఐదుగురిని మార్చవలెనట! "ఈతనికి దెబ్బ తగిలినదా? జట్టువారు తొలగించిరా?" యని మా వారు ఒక్కొక్కని గూర్చి యడిగిరి. "లేదు బాబాయీ, వీడు మూడాటలనుండి కొట్టలేదు, వాడు మొన్న రెండు కొట్టినాడు." ఐదుగురికిని అదే జవాబు.

మాకు చిన్ననాడు తండ్రిగారు చెప్పిన భారతము జ్ఞప్తికి వచ్చి యిట్లంటిమి: "నాయనా, కురుక్షేత్రమున కౌరవులకు భీష్ముడు 10 దినములు, ద్రోణుడు 5, కర్ణుడు 2, శల్యుడు సగము దినము సేనానులైరి. పాండవులకు 18 దినములును ధృష్టద్యుమ్నుడొక్కడే. ఒకడు పడినప్పుడు మఱొకని నిలుపుట తప్పదు, అది దుర్యోధనుని తప్పు గాదు. కాని నలుగురు సేనానులను మార్చినవాడు తన బుద్ధినొక్కదానిని మార్చుకొనలేదు. అదియే వానిని జెఱచినది."

అబ్బాయి మాటాడక తల వంచుకొనెను. మేము మా చీటిని విప్పి చూతుము గదా, అందు నాలుగు మార్పులు వ్రాసియుంటిమి! ముందురోజు ఐదు గోలులు విడిచెనని కోపించి, గోలు గాచువానిని గూడ తీసివేసితిమి. సిగ్గుపడి ఆ చీటిని చించివేసితిమి. అది చూచి అత్తగారు నవ్విరి, అబ్బాయియు నవ్వెను.

ఆ రాత్రి మేము గిన్నెలు కడుగుచుండగా వాడు వంటింటిలోనికి వచ్చి నిలుచుండెను. "పిన్నీ, అమ్మకు చెప్పిన 40 వేలే కాదు. స్నేహితుని వద్ద ఇంకొక 18 వేలు దెచ్చితిని. పోయినది రాబట్టవలెనని రోజును జట్టు మార్చితిని. మార్చిన కొలది పోయినది." ఈ మాట చెప్పుటకు వానికి రెండు నెలలు పట్టెను. అమ్మకు చెప్పవలదని వాడు ప్రాధేయపడెను. దాచినచో వానికి మాపై ప్రేమ పెరుగును. కాని అప్పును పెరుగును. "నీవే చెప్పుము, మేము నీ ప్రక్కన గూర్చుండెదము" అంటిమి. వాడు చెప్పెను. అక్కయ్య చాలసేపు పలుకలేదు. తుదకు, "ఇంకేమైన నున్నదా?" యని మాత్రమడిగెను. లేదనెను. మేము నమ్మితిమి.

మఱునాటినుండి వాడు వారి వీధిలోని పిల్లలకు సాయంకాలము లెక్కలు చెప్ప మొదలిడెను. వచ్చినది వచ్చినట్లు స్నేహితునికి గట్టి, ఆషాఢమునాటికి ఋణము దీర్చుకొనెను. పందెము గురించి తరువాత మా వారు వానినొక్కనాడును ఎత్తిపొడవలేదు. లెక్కపుస్తకమును మాత్రము వానికే యప్పగించిరి.

ఆట సంగతి చెప్పలేదు గదా! జనవరి 26న స్త్రీల తుదియాటలో ఒడిశావారు సూర్మావారిని 2-1 గోలులతో గెలిచిరి. ఆ రెండు గోలులును ఋతుజయే కొట్టెను! మా అత్తగారి ముఖమున కాంతి చూడవలసినదే. ఫిబ్రవరి 1న రూర్కెలాలో పురుషుల తుదియాటలో మన తూఫాన్సువారు బెంగాలు టైగర్సు చేత 4-3తో నోడిరి. టైగర్సు పక్షమున మూడు గోలులు కొట్టిన జుగ్‌రాజ్ సింగు మా వారి పట్టికలోని వాడగుటచే, వారికి 9 గుణములు వచ్చినవి. కాని మన జట్టు ఓడినదని చప్పట్లు కొట్టలేక చేతులు కట్టుకొని కూర్చుండిరి.

మొత్తముమీద అత్తగారు మొదట, మేము కడపట. బొబ్బట్లు చేసినది మేమే. పూర్ణము దంచి యిచ్చినవాడు అబ్బాయి.

మీ యిండ్లలోను ఇట్టి పిల్లలుండవచ్చును. ఫోనును లాగికొనుటకు ముందు ఒకమారు ప్రక్కన గూర్చుండి, వారేల మార్చుచున్నారో అడిగి చూడుడు. జవాబు రెండు నెలలకు రావచ్చును. అంతవఱకు గూర్చుండుట మన పని.