ఎర్తు సరిగా లేదండీ

ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సంధులు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. రెండు వర్ణాలు కలిసిన చోట ఒకటి లోపిస్తుందనీ, లేదా మరొకటి వచ్చి చేరుతుందనీ ఏటేటా నల్లబల్ల మీద రాసి వల్లె వేయించేవాణ్ణి. అటువంటి నేను, రాగికీ ఇనుముకూ కుదిరిన ఒక సంధి చెడిపోతే దాన్ని కనిపెట్టలేక, ఒక మనిషి మీద దొంగతనం మోపిన వైనం ఈ రోజు రాయదలచుకున్నాను.

మా తమ్ముడు 2021లో, కోవిడ్ రెండో విడతలో కన్నుమూశాడు. అతడు వదిలి వెళ్ళినవి ఎకరం చిల్లర కొబ్బరితోట, కొంత బ్యాంకు అప్పు, అప్పటికే బాగా పాతబడిన ఒక పికప్పు వ్యాను. మా మరదలికి ఆ బండి కిరాయే ఆధారం. దింపు తీసిన రోజుల్లో కొబ్బరికాయలు అంబాజీపేట తోలడం, తక్కిన రోజుల్లో చెరువుల దగ్గర రొయ్యల ట్రేలు ఎక్కించుకుని, చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వెళ్ళడం దాని పని. రొయ్యల కిరాయికి ఒప్పుకున్నది నేనే. కొబ్బరి మీద కంటె అందులో డబ్బు ఎక్కువ. పైగా వెంటనే చేతికి వస్తుంది. ఈ మాట ముందే చెప్పి ఉంచుతున్నాను, తరువాత అవసరపడుతుంది.

డ్రైవరు మా దిండి కుర్రాడే. కుర్రాడు అంటున్నాను గానీ నలభై దాటాయి. తొమ్మిదో తరగతిలో నా దగ్గర చదివి, నా తెలుగులోనే తప్పి బడి మానేసినవాడు. తమ్ముడి కాలం నుంచీ ఆ బండి అతని చేతిలోనే ఉంది.

నిరుడు కార్తీకమాసంలో మొదలయింది రోగం. తాళంచెవి తిప్పితే స్టార్టరు 'టక్' మని ఒక్క చప్పుడు చేసి ఊరుకునేది. హారను కొడితే హెడ్‌లైట్లు మూర్ఛపోయినట్టు తగ్గిపోయేవి. ఒక్కొక్కప్పుడు ఏ జబ్బూ లేనట్టు చక్కగా నడిచేది. డ్రైవరు వచ్చి వాకిట్లో నిలబడి అన్నాడు.

"ఎర్తు సరిగా లేదేమోనండి మాస్టారండీ. కింద ఐసునీళ్ళు కారతన్నాయి గదండి."

"ఎర్తు కాదురా, ఎర్త్" అన్నాను నేను.

నిజంగా నేనన్నది అంతే. ఉచ్చారణ సవరించి, విషయాన్ని వదిలేశాను. బ్యాటరీ అమ్మే దుకాణంలో అడిగితే బ్యాటరీ పోయిందన్నారు. వేలు పోసి కొత్తది వేయించాను. బండి గుర్రంలా లేచింది. చూశావా, నీ ఎర్తు ఏమయిందిరా అని వాణ్ణి నలుగురిలో ఎగతాళి కూడా చేశాను. పది రోజులకు మళ్ళీ అదే 'టక్'. ఈసారి డైనమో అన్నారు. దాన్ని విప్పించి, లోపల కార్బన్ బ్రష్షులు మార్పించాను. మళ్ళీ బాగుపడింది, మళ్ళీ రెండు వారాలకు చెడింది.

మూడోసారి చెడింది వంతెన మీద. వంతెన లేని కాలంలో వశిష్ఠ గోదావరిని పంటు మీద దాటినవాళ్ళం మేము. ఆ వంతెన మాకు వరం. కాని అది జాతీయ రహదారి. రాత్రిపూట లారీలు ఆగకుండా వస్తుంటాయి. ముందు గడ్డి వేసుకుపోతున్న ట్రాక్టరు ఉన్నట్టుండి నెమ్మదించడంతో మా బండి ఇంజను ఆగిపోయింది. తిప్పితే 'టక్' కూడా లేదు. హెడ్‌లైటు లేదు, వెనక ఎర్రదీపం లేదు. చీకట్లో నడివంతెన మీద రొయ్యల బరువుతో నిలిచిపోయిన బండి. డ్రైవరు దూకి, వెనక్కి యాభై అడుగులు పరుగెత్తి, సెల్‌ఫోను దీపం ఊపుతూ, ఎవరో సాయం వచ్చి బండిని అవతలికి లాగేదాకా అలాగే నిలబడ్డాడట. ఒక లారీ వాడి చొక్కా గాలికి ఎగిరేంత దగ్గరగా వెళ్ళిందని తరువాత వేరేవాళ్ళు చెప్పారు. వాడు చెప్పలేదు.

మర్నాడు నేను వాణ్ణి ఏమన్నానో రాయడానికి చేయి రావడం లేదు. అయినా రాయాలి. కొత్త బ్యాటరీ అమ్ముకుని పాతది పెట్టావన్నాను. మరదలు వింటుండగా, పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూస్తుండగా అన్నాను. రేపటి నుంచి రావద్దన్నాను. వాడు తాళంచెవి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మలికిపురంలో నాతో పనిచేసిన భౌతికశాస్త్రం మాస్టారు ఒకరున్నారు. నా గోడు విని, నాలుగు రోజుల తరువాత చిన్న మల్టీమీటరు జేబులో వేసుకుని వచ్చారు. వస్తూనే బ్యాటరీ గ్యారంటీ కార్డు తెమ్మన్నారు. కార్డు మీది నంబరు, బ్యాటరీ మీది నంబరు పక్కపక్కన పెట్టి చూపించారు. రెండూ ఒకటే. కార్డు మా బీరువాలోనే ఉంది. నింద వేయడానికి ముందు దాన్ని తీసి చూడాలని నాకు తోచలేదు.

"పండితులవారూ, దొంగ మనిషి కాదు. ఇప్పుడు వోల్టులను ఎవరు దొంగిలిస్తున్నారో చూద్దాం" అన్నారాయన.

ఆయన చేసిన పరీక్ష ఇంత సులువుగా ఉంటుందని నేను అనుకోలేదు. బండి ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది. అంటే దాని ఆరోగ్యం నిక్షేపంగా ఉంది. హెడ్‌లైట్లు వేసి కొలిస్తే 12.3. అదీ సహజమే. కాని అదే సమయంలో లైటు దగ్గర, దాని రెండు తీగల మధ్య కొలిస్తే 8.4 మాత్రమే. తక్కిన 3.9 ఎక్కడికి పోయినట్టు? మీటరు ఒక మొన బ్యాటరీ ప్లస్సు మీద, రెండోది లైటుకు వచ్చే తీగ మీద పెట్టారు: 0.3. వెళ్ళే దారి బాగానే ఉంది. తరువాత ఒక మొన బ్యాటరీ మైనస్సు మీద, రెండోది లైటు నుంచి తిరిగి వచ్చే తీగ మీద పెట్టారు: 3.6. లెక్క తేలింది. దొంగ తిరుగుదారిలో ఉన్నాడు.

నేను మొదట చేసిన తప్పు ఇక్కడే అర్థమయింది. విద్యుత్తు బ్యాటరీలోంచి బయలుదేరి దీపంలో ఖర్చయిపోతుందని నేను అనుకునేవాణ్ణి, దీపంలో చమురు అయిపోయినట్టు. అది చుట్టు తిరిగి బ్యాటరీకి చేరితేనే ప్రవాహం. బండిలో ఈ తిరుగుదారికి వేరే తీగ ఉండదు. ఇనుప ఛాసిస్సే దారి. బ్యాటరీ మైనస్సు నుంచి ఒక లావుపాటి తీగ వచ్చి ఛాసిస్‌కు బోల్టుతో బిగిస్తారు. దాన్నే ఎర్తు అంటారు. పేరు ఎర్తే గానీ దానికి భూమితో సంబంధం లేదు. బండి నిలబడి ఉన్నది రబ్బరు టైర్ల మీద కదా!

మాస్టారు బండి కిందికి దూరారు. అరవై దాటిన మనిషి, లుంగీ బిగించి. మైనస్సు కొన నుంచి తీగ చివరనున్న రాగి కంటెదాకా కొలిచారు: దాదాపు సున్నా. ఆ కంటె నుంచి అంగుళం దూరంలో, గీకి తెల్లబరచిన ఛాసిస్ ఇనుముకు కొలిచారు: మొత్తం 3.6 అక్కడే. అంగుళం దూరంలో!

బోల్టు విప్పితే రాగి మీద పచ్చటి చిలుము, ఇనుము మీద పొరలుపొరలుగా తుప్పు. వ్యాకరణంలో లోపమంటే ఉండవలసినది కనబడకపోవడం. పైనుంచి చూస్తే బోల్టు ఉంది, తీగ ఉంది, బిగింపూ ఉంది. కలయిక మాత్రం లేదు.

కాగితం మీద మరొక లెక్క వేసి చూపించారు. లైట్లు ఆ సమయంలో ఎనిమిది ఆంపియర్లు లాగుతున్నాయనుకుంటే, ఆ చిలుము అడ్డు 0.45 ఓములు. అర ఓము కూడా లేదు. వినడానికి ఎంత అల్పం! కాని స్టార్టరుకు వంద ఆంపియర్లకు పైగా కావాలి. ఆ అడ్డు ఉండగా, మిగిలిన దారంతా సున్నా అనుకున్నా, ఇరవై ఎనిమిదికి మించి వెళ్ళదు. అందుకే 'టక్'. ఈ సూత్రాన్ని 1827లో ప్రకటించిన ఓమ్ కూడా మనలాగే బడిపంతులు, కొలోన్ నగరంలో పిల్లలకు లెక్కలు చెప్పేవాడు అన్నారు మాస్టారు. సొంతదేశం వాళ్ళు అప్పట్లో పెద్దగా లక్ష్యపెట్టలేదట. 1841లో లండన్ రాయల్ సొసైటీ వాళ్ళు కాప్లే పతకం ఇచ్చారు.

మరి కొత్త బ్యాటరీ వేసినప్పుడు ఎందుకు బాగుపడింది? తీగ విప్పి బిగించడంలో అది కదిలి, చిలుము కొంచెం రాలి, పది రోజులకు సరిపడా తావు దొరికింది. డైనమో విప్పినప్పుడూ అంతే. కాకి వాలడం, తాటిపండు రాలడం. కాకతాళీయ న్యాయాన్ని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో!

ఇక చిలుము ఎక్కడిదంటారా? మా గాలిలోనే ఉప్పుంది. అయినా అసలు కారణం అది కాదు. రొయ్యల ట్రేల నుంచి కరిగిన ఐసునీళ్ళు, చెరువు ఉప్పుతో కలిసి, పలకల సందుల్లోంచి సరిగ్గా ఆ బోల్టు మీదికి కారుతున్నాయి. రాగి, ఇనుము, మధ్య ఉప్పునీరు. 1800లో వోల్టా పేర్చిన తొలి బ్యాటరీలోనూ రెండు లోహాలూ, మధ్య ఉప్పునీట తడిపిన అట్టముక్కలూనట. అంటే మేము మోస్తున్న బ్యాటరీ కాక, బండి కింద మరొక బ్యాటరీని నేనే రొయ్యల కిరాయితో తయారు చేశాను. అది ఇనుమును తింటూ కూర్చుంది. కింద ఐసునీళ్ళు కారుతున్నాయని వాడు మొదటి రోజే చెప్పాడు.

గరుకు కాగితంతో రుద్ది, కొత్త తీగను నీళ్ళు పడని చోట బిగించి, పైన గ్రీజు పూశాం. తీగకూ బోల్టుకూ అయిన ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. లైటు దగ్గర మీటరు 11.9 చూపింది. తాళం తిప్పితే మొదటి ప్రయత్నంలోనే లేచింది.

ఆ సాయంత్రమే డ్రైవరు ఇంటికి వెళ్ళాను. బండి తోలడం నాకు సరిగా రాదు గనుక మాస్టారు తోలారు. వాడు గట్టు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు. దారి పొడుగునా కూర్చుకున్న వాక్యాలు ఏవీ గుర్తు రాలేదు.

"తప్పు నాదిరా. ఎర్తే" అన్నాను.

ఏమీ అనలేదు. కాసేపు బండివైపు చూసి, వల పక్కన పెట్టి, మాస్టారి చేతిలోని టార్చి అడిగి తీసుకుని కిందికి దూరాడు. మేమిద్దరం గోదారి గాలిలో నిలబడ్డాం. కిందనుంచి మాట వినిపించింది.

"ఇది బాగా కట్టారండి. ఇంజన్నించి ఛాసిస్‌కి ఇంకో ఎర్తు ఉంటదండి. అది చూశారా?"

మాస్టారు నా వైపు చూశారు. మేము చూడలేదు.

"ఆయ్, ఇదీ పచ్చగానే ఉందండి. పదమూడో నంబరు స్పానర్ ఇలా అందుకోండి మాస్టారండీ."

అందించాను.