అమ్మాయి దిగీదిగగానే టైలర్ దగ్గరికి

వదినగారూ, మీ అమ్మాయి డల్లాస్ నుంచి డిసెంబరు 20కల్లా వచ్చేస్తోందటగా? టైలరమ్మతో మాట్లాడారా మరి? ఆత్రేయపురం పూతరేకులు ఎప్పుడు కావాలన్నా దొరుకుతాయండి, ఆ రోజుల్లో జాకెట్టు కుట్టేవాళ్ళే దొరకరు. ధనుర్మాసం కదా, పెళ్ళిళ్ళుండవు, ఖాళీగానే ఉంటార్లే అనుకుంటాం. ఎక్కడండీ! సంక్రాంతికి కొత్తబట్టలు కట్టని ఇల్లుంటుందా మన గోదావరి జిల్లాల్లో? ఆ వెనకాలే మాఘమాసం ముహూర్తాలు. మగ్గం వర్కయితే చెప్పనే అక్కర్లేదు, బట్టను చట్రానికి బిగించి రోజుల తరబడి కూర్చోవాలి పాపం వాళ్ళు.

వచ్చాక చుట్టాలందర్నీ చూసి, అన్నవరం వెళ్ళొచ్చి, అప్పుడు తాడితోట బట్టల బజారులో కొని ఇద్దాం అనుకున్నారో, విమానం ఎక్కే ముందు రోజు రాత్రి షాపు ముందు నిలబడాలి. తొడిగి చూసే తీరికుండదు, పెట్టెలో సర్దేస్తారు. తీరా అక్కడ వేసుకుంటే చంకల్లో పట్టేస్తుంది. ఇక్కడయితే పొద్దున ఇచ్చి సాయంత్రానికి సరిచేయించి తెచ్చుకుంటాం, అక్కడ ఎవరికిస్తుందండీ? అంత డబ్బు పోసి, ముచ్చటపడి కొన్న చీర జాకెట్టు పట్టక బీరువాలో పడుందంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే, మొదటి వారంలో ఒక్కటంటే ఒక్కటే కుట్టించండి. తొడుక్కుని, చేతులు పైకెత్తి, కూర్చుని లేచి చూసుకోమనండి. బాగుందన్నాకే అదే కొలతతో మిగతావి కత్తిరించాలి.

ఉప్పాడ చీర జాకెట్టు ముక్క పల్చన కదా, కాటన్ లైనింగ్ తప్పదు. ఆ లైనింగ్ గుడ్డ రాత్రంతా నీళ్ళలో నానేసి, ఆరేసి ఇవ్వండి. లేదంటే మొదటి ఉతుకుకే లోపలి గుడ్డ కుంచించుకుపోయి పైన పట్టు ముడతలు పడిపోతుంది. పక్కల్లో అంగుళం, అంగుళమున్నర బట్ట లోపలికి వదిలి రెండు మూడు వరసలు కుట్టమనండి. రేపు కాస్త ఒళ్ళొచ్చినా అమ్మాయే ఒక వరస విప్పుకుంటుంది.

తొందర కుట్టంటే గుర్తొచ్చింది, మా మరిది స్నేహితులతో బ్యాంకాక్ వెళ్తున్నాడండి. కొడుకు పెళ్ళికి సూటు అక్కడే కుట్టించుకొస్తాడట, ఒక్క రోజులో ఇచ్చేస్తారట! అక్కడ మంచి టైలర్లు లేరని కాదు. పాహురాట్ బట్టల బజారు పక్కనే గురుద్వారా ఉంది, తరాల కిందట వెళ్ళి స్థిరపడ్డ మన పంజాబీలు చాలామంది ఆ వ్యాపారంలోనే ఉన్నారు. ఆ ఒక్క రోజు మీదే నాకు నమ్మకం లేదు. కోటు ఛాతీ లోపల కాన్వాసు గుడ్డ పెట్టి చేత్తో కుడితే ఒంటికి ఒదుగుతుంది. తొందరయితే జిగురు గుడ్డ పెట్టి ఇస్త్రీతో అంటించేస్తారు. కచ్చా కుట్లు వేసి ఓసారి, చేతులు తగిలించాక ఇంకోసారి తొడిగి చూడాలి కూడాను. నాలుగు రోజులుంటే దిగిన రోజే కొలతలిచ్చెయ్, ఒక్క రాత్రే అయితే వద్దయ్యా అన్నాను.

అన్నట్టు, సరిగ్గా కుదిరిన వాటిల్లో ఒకటి ఆది జాకెట్టుగా మీ దగ్గరే ఉంచేయమనండి. వచ్చే ఏడు తను ఫోనులో ఛాతీ, నడుము చుట్టుకొలత చెప్పిందంటే, పిల్ల దిగేలోపే సగం పని అయిపోతుంది. మా టైలరమ్మ ఈ మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటానంది. భోజనాలయ్యాక పిలవండి, నేనూ వస్తాను, తేదీ ఖాయం చేసుకునొద్దాం.