మా డబ్బా బండి, దాని వెనుక వ్రాత



గృహిణులు వ్రాయదగిన విషయములు పెక్కు గలవు. పచ్చళ్ళు, పసిపాపల పోషణము, వ్రతవిధానములు మున్నగువానిని విడిచి మోటారు బండిని గూర్చి వ్రాయుటకు నీకేమి యధికారమని మీరడుగవచ్చును. బండిని కొనువారు సాధారణముగా పురుషులు; నడుపువారు పురుషులు; దాని గుణదోషములను వాకిట గూర్చుండి చర్చించువారును పురుషులే. కాని పిల్లలను ఒడిలో బెట్టుకొని దాని వెనుక సీటుపై గూర్చుండువారము మనము. ఆ యధికారముతోడనే యీ నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

మాది జనగామ. మావారు ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులు. మా మరిది మహబూబాబాదులో మిరపకాయల వ్యాపారము చేయుచున్నాడు. మా పెద్ద ఆడుబిడ్డ భర్త, నేను అన్నయ్యగారని పిలుచువారు, భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనిలో నుద్యోగి. మూడిండ్లలోను మారుతి ఓమ్ని వ్యానులే యున్నవి. మూడింటి నంబరు పలకలమీదను పాత వరంగల్లు జిల్లా గుర్తయిన ఏపీ 36 యే కనబడును. 2016 అక్టోబరు 11న ఆ జిల్లాను విభజించినప్పుడు మేము మూడు జిల్లాలవారమైతిమి గాని మా బండ్లు మాత్రము నేటికిని ఒక్క జిల్లావే.

ఈ బండిని చూడనివారుండరు. ముక్కు లేని మొగము, నిలువు గోడలు, జారుడు తలుపులు. బియ్యపు డబ్బాకు చక్రములు తొడిగినట్లుండును. 1984లో మారుతి వ్యాను అను పేర వెలువడి, 1988లో ఓమ్ని యని పేరు మార్చుకొని, 2019లో తయారీ నిలిచిపోవువరకు ముప్పదియైదేండ్లు అమ్ముడుపోయినది. దాని ఇంజను 796 సీసీలది, మూడు సిలిండర్లది, ముందు సీట్ల క్రింద నుండును. కావున వేసవిలో ముందు గూర్చున్నవారికి పొయ్యి ప్రక్కన గూర్చున్నట్లే. పొడవు మూడున్నర మీటర్లకు లోపే యైనను లోపల పట్టనిది లేదు. పెండ్లికి వంటపాత్రలు, బడికి పిల్లలు, ఆస్పత్రికి రోగులు, సంతకు కూరగాయలు, అన్నియు మోసినది. సినిమాలవారు మాత్రము దీనిని మనుష్యుల నెత్తుకొనిపోవు దుండగుల బండిగా జేసి యపకీర్తి తెచ్చిరి.

గడచిన 2025 మే నెలలో కాళేశ్వరమున సరస్వతీ పుష్కరములు జరిగినవి. ఆ స్నానములకై మేమెల్లరము భూపాలపల్లిలో ఆడుబిడ్డ యింట గలిసికొంటిమి. స్నానములు ముగించి వచ్చిన సాయంకాలము మూడు బండ్లును వాకిట వరుసగా నిలిచియుండగా పురుషులు మంచములు వైచికొని వాదమునకు దిగిరి. మా బండి 2010లో కొన్నది. సొంత బండి రిజిస్ట్రేషను పదునైదేండ్లే చెల్లును. అటుపై బండిని పరీక్షకు నిలిపి అయిదేండ్లకు పొడిగించుకొనవలెను. పొడిగింపవలెనా, అమ్మివేయవలెనా యనునదే వాదము.

"అన్నా, అమ్మవద్దు. దీనిని బాగుచేయలేని మెకానిక్కు మన వైపు లేడు. నా బండి ఎన్ని మిరప బస్తాలు మోసినదో లెక్క లేదు. ఒక్కనాడును నన్ను నడిత్రోవలో విడువలేదు" అని మరిది యనెను.

అన్నయ్యగారు తల యడ్డముగా నూపిరి. "మోయుట వేరు, కాచుట వేరు. దీనికి ముందు ముక్కు లేదు. ఎదురుగా దేనినైన గ్రుద్దుకొన్నచో మొదట దగులునది నడుపువాని మోకాళ్ళకే. క్రొత్త భద్రతా నిబంధనలకు నిలువదనియే కదా తయారీ మానుకొనిరి" అనిరి.

మావారు బడిలో తీర్పు చెప్పినట్లు ఇరువురి పక్షమునను కొంత కొంత న్యాయము గలదనిరి. తీర్పు మాత్రము చెప్పలేదు.

అంతట వాదము బండ్ల వెనుక వ్రాతలమీదికి బోయినది. మరిది బండిపై "నన్ను చూసి ఏడవకురా" అను నెల్లరెరిగిన వాక్యముండెను. ఆడుబిడ్డ కూతురు తన తండ్రి బండికి "ఇది సినిమా బండి కాదు, లోపలి పిల్లలు మావాళ్ళే" అని స్టిక్కరు చేయించినది. దానిని జూచి కాళేశ్వరమున పోలీసులు సైతము నవ్విరట. మా బండి వ్రాత నేను గూర్చినది. బాల్యమున మా తండ్రిగారు అమరకోశమును, మా జిల్లా బమ్మెరవాడని చెప్పుకొను పోతనగారి భాగవతమును నాకు చెప్పిరి. ఆ చదువు ఊరకుండునా? మారుతి యనగా వాయుపుత్రుడు, హనుమంతుడు చిరంజీవి. కావున "నేను చిరంజీవిని, తొందర గలవారు ముందు పొండు" అని వ్రాయించితిని. ఆ రాత్రి నా వాక్యమునకే యెక్కువ నవ్వులు దక్కినవి. నేనును గర్వించితిని.

లోపల స్త్రీలమును నవ్వుకొనుచుంటిమి. మరిది బండిపై మునుపు భార్యలను వెక్కిరించు వ్రాత యొకటి యుండెడిది. మా యారాలు ఒకనాటి రాత్రి వేడినీటి గుడ్డతో దానిని నానబెట్టి, కొబ్బరినూనె రాచి, తెల్లవారకమునుపే గోకివేసినదట. మరిది నేటికిని వీథి పిల్లలను తిట్టుచున్నాడు. "హాస్యమే కదా, ఊరకుండవలసినది" అని ఆడుబిడ్డ యనగా, "వదినా, ఆ హాస్యమును మోసికొని ఊరంతయు దిరుగునది నేను" అని యారాలు బదులు చెప్పినది. ఆమె మాట నాకు నచ్చినది.

మరునాడు మధ్యాహ్నము మేము జనగామకు మరలితిమి. రేగొండ దాటగానే గాలివాన వచ్చినది. అద్దములన్నియు మూసితిమి. వెనుక సీటుపై పండుకొనియున్న మా చిన్నది, తొమ్మిదేండ్లది, తల నొచ్చుచున్నదనెను. ఎండలో దిరిగినందుననేమో యనుకొంటిమి. కొంతసేపటికి వాంతి చేసికొనెను. పిమ్మట నేను పిలిచినను మత్తుగా మూలిగెనే గాని కన్నులు విప్పలేదు. నాకును తల దిమ్ముగా నుండెను. ఆడుబిడ్డ యింటికి ఫోను చేయగా అన్నయ్యగారు రెండు ప్రశ్నలడిగి, "ఇంజను ఆపుము. వానయైనను సరే, ముందు పిల్లను బయటి గాలికి దెమ్ము" అని కేకవైచిరి.

చింతచెట్టు క్రింద తడియుచు పిల్లను ఒడిలో బెట్టుకొని కూర్చుంటిని. ఆ కొంతసేపు నేను చదివిన చదువేదియు నాకు గుర్తు రాలేదు. మెల్లగా కన్ను దెరచి నీళ్ళడిగినది. పరకాలలో ఒక వైద్యునికి చూపగా, ఆయన ప్రాణవాయువు పట్టించి, బండిపొగ లోపలికి వచ్చినదని చెప్పిరి.

ఆ పొగలో కార్బను మోనాక్సైడు అను వాయువుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువు నిలువవలసిన చోట అది నిలుచును. తలనొప్పి, తలతిరుగుట, వాంతి, మత్తు దాని గుర్తులు. సామాన్యమైన జ్వరమో ఎండదెబ్బయో యనిపించును. గనిలో దిగువారికి ఇది మొదటి పాఠమట. అందుచేతనే అన్నయ్యగారు ఫోనులోనే పోల్చుకొనిరి.

ఆ వాయువెట్లు వచ్చినది? హనుమకొండలో మెకానిక్కు చూపినాడు. సైలెన్సరు గొట్టము అతుకు విడినది. వెనుక తలుపు క్రింది రేకు తుప్పుపట్టి అరచేయి పట్టునంత రంధ్రమైనది. డబ్బావంటి బండి పరుగెత్తునప్పుడు వెనుక గాలి వెలితి యేర్పడి పొగ అక్కడనే సుడితిరుగునట. సందు దొరికెనా లోనికి జొచ్చును. ఆ రంధ్రముపై నున్నది నా చిరంజీవి స్టిక్కరే. ఒక మూల చినిగి రెపరెపలాడుచుండెను.

సోదరీమణులారా, దాచనేల? ఏడాది క్రిందట ఆ రంధ్రము చింతగింజంత యుండగా మావారు రేకు అతికింపవలెననిరి. "దానికేల ఖర్చు? అందముగా స్టిక్కరు అంటింతము" అన్నది నేను. వాక్యము నాది, మిగిలిన డబ్బును దాచుకొన్నది నేను. తప్పు బండిది కాదు, చేసినవారిది కాదు. బండి తుప్పు రూపమున చెప్పవలసినది చెప్పినది. నేను దాని నోటిపై హాస్యమంటించితిని.

బండి నమ్మదగినదా కాదా యని పురుషులు వాదించినంతసేపు, ఆ రేకును వంగి చూచినవారు లేరు. నమ్మకము బండి పేరులో లేదు. అది మన కంటిలోను చేతిలోను గలదు. ఇంటిలో పాలగిన్నె అడుగును దినమునకు రెండుమార్లు చూచు మనము బండి యడుగును ఏడాదికొకమారైనను చూడకుండుట యేమి న్యాయము?

ఇంటికి వచ్చిన పిమ్మట ఈసారి తీర్పు నేను చెప్పితిని. గొట్టము మార్పించితిమి. తుప్పు కోసి క్రొత్త రేకు అతికించితిమి. పరీక్షకు నిలిపి అయిదేండ్లకు పొడిగించితిమి. కాని అది ఊరిలో దిరుగుటకే. పిల్లలను ముందు సీటున గూర్చుండనీయము. దూరప్రయాణములకు జనగామ స్టేషనులో రైలున్నది. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకమున స్త్రీలకు ఉచిత బస్సున్నది.

మీ యిండ్లలో బండి యున్నచో స్టిక్కరు అంటించుటకు ముందు దాని క్రింద నేమున్నదో చూడుడు. తుప్పు గనబడినచో రేకే వేయింపుడు. ఇంజను మోత హఠాత్తుగా పెరిగినచో సైలెన్సరును జూపింపుడు. ప్రయాణములో ఒకరికి మించి తల నొచ్చెనన్నచో బండి నాపి అందరును బయటికి రండు. వెనుక అద్దముపై నేమియు అంటింపకుడు. దానిలోనుండి నూటికి 70 పాళ్ళు వెలుతురు రావలెనని నిబంధన గలదు. హాస్యమును మానుమని నేననను. మా ఆడుబిడ్డ కూతురి వాక్యము నేటికిని నన్ను నవ్వించుచున్నది.

మొన్న మరిది వచ్చి, "వదినా, క్రొత్త రేకు బోసిగా నున్నది. ఏమైన వ్రాసి ఇమ్ము" అనెను. వద్దంటిని. ఆ యతుకు అట్లే కనబడుచుండవలెను. ప్రతి ఆదివారము బండి కడుగునప్పుడు మా చిన్నది దానిపై వ్రేలితో తట్టి, "అమ్మా, గట్టిగానే యున్నది" అని చెప్పుచున్నది.