నందికొండ మీద నాలుగు బలాలు

చింతామణి నుంచి ఫిజిక్స్ మేష్టారు, బాగేపల్లి నుంచి ఇద్దరు ఇంజనీరింగ్ కుర్రాళ్ళు వచ్చారు. చిక్కబళ్ళాపురంలో కలుసుకుని నందికొండ ఎక్కాం. సెలవురోజు తెల్లవారుజామున వెళితే అక్కడ మంచు కన్నా మనుషులే ఎక్కువ. మేం కావాలనే మామూలు రోజున, పొద్దెక్కాక వెళ్ళాం. మాక్కావలసింది సూర్యోదయం కాదు, గద్దలు. బండ వేడెక్కితేగానీ అవి జోరుగా తిరగవు.

టిప్పు డ్రాప్ అనే నిట్టనిలువు కొండ అంచు దగ్గర గాలి కొండను కొట్టుకుని పైకి లేస్తుంది. ఒక గద్ద సరిగ్గా మా కళ్ళ ఎత్తుకు వచ్చి ఆగింది. రెక్క ఆడించదు. తోక మాత్రం ఇటు కాస్త, అటు కాస్త తిప్పుతోంది.

"దీనికి ఇంజను లేదు. అంటే ముందుకు తోసే బలం, థ్రస్ట్, సున్నా. ఇక బరువు, పైకెత్తే లిఫ్ట్, వెనక్కి లాగే డ్రాగ్, ఈ మూడే" అన్నారు మేష్టారు. గాలితో పోలిస్తే గద్ద నిజానికి కిందికే జారుతోందట. అది జారేంత వేగంతోనే గాలి పైకి లేస్తోంది కాబట్టి మనకు ఆగినట్టు కనిపిస్తుంది.

లిఫ్ట్ ఎక్కడిదంటే కుర్రాళ్ళు బడిలో చదివిందే చెప్పారు: రెక్క పైన వెళ్ళే గాలి, కింద వెళ్ళే గాలి చివర ఒకేసారి కలుసుకోవాలి గనుక పైగాలి వేగంగా పోతుందని. ఎన్ని పుస్తకాల్లో ఉన్నా అది తప్పే. పైగాలి ఇంకా ముందే వెళ్ళిపోతుంది, కలుసుకోవాలన్న నియమమేదీ లేదు. రెక్క గాలిని కిందికి వంచుతుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. రెక్క పైన పీడనం తగ్గడం, కింద పెరగడం కూడా ఇందులో భాగమే.

దక్షిణాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో దేవనహళ్ళి విమానాశ్రయం. రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉండడంతో దిగే విమానం మాకు పక్కనుంచి కనిపిస్తుంది. బైనాక్యులర్‌లో దాని వాలు కూడా తెలుస్తుంది.

"దిగేటప్పుడు లిఫ్ట్ తగ్గిస్తారు కదా సార్?" అన్నాడొకడు. చాలామంది అనుకునేది ఇదే. మేష్టారు కాగితం తీశారు. వాలు 3 డిగ్రీలు. ఒకే వేగంతో ఆ వాలున దిగుతుంటే బరువులో 99.8 శాతానికి పైగా లిఫ్టే మోస్తుంది. బరువులో కొంత భాగం విమానాన్ని వాలు వెంట ముందుకు లాగుతుంది. ఆ లాగుడు డ్రాగ్‌లో కొంత తీరుస్తుంది. చక్రాలు, ఫ్లాప్‌లు దించాక డ్రాగ్ పెరుగుతుంది కాబట్టి ఇంజన్లు ఇంకా కొంత తోయక తప్పదు. స్థిరంగా పైకి ఎక్కేటప్పుడూ లిఫ్ట్ బరువు కన్నా కాస్త తక్కువే. ఎక్కించేది ఇంజను. ఇది వినగానే కుర్రాళ్ళిద్దరూ ఆ కాగితం లాక్కున్నారు.

కొండ ఎత్తు 1,478 మీటర్లు, విమానాశ్రయం దాదాపు 915. లెక్క వేస్తే, రన్‌వేకి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో విమానం మేం నిలబడ్డ ఎత్తుకే వస్తుంది.

అంత ఎత్తున గాలీ పలచనే. ప్రామాణిక లెక్కలో దేవనహళ్ళి దగ్గర సముద్రమట్టం కన్నా సాంద్రత 8 శాతానికి పైగా తక్కువ. లిఫ్ట్ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, అదే బరువు మోయాలంటే వేగం 4 శాతానికి మించి పెరగాలి. 4 కిలోమీటర్ల రన్‌వే ఊరికే లేదు. వేసవి మధ్యాహ్నం గాలి ఇంకా పలచబడుతుంది. నిండా ఇంధనంతో దూరదేశాలకు వెళ్ళే విమానాలు అప్పుడు మరింత దూరం పరుగెత్తాలి.